పోరుచేపకు తగిన పొరుగు

రంగుచేపలు అమ్మే దుకాణాలలో ఒక వింత ఏర్పాటు కనిపిస్తుంది. మిగిలిన చేపలన్నీ పెద్ద గాజుతొట్లలో పదులుగా, ఇరవైలుగా కలిసి తిరుగుతుంటే, ఒక జాతి చేపను మాత్రం సీసాకొక్కటి చొప్పున విడివిడిగా ఉంచుతారు. సీసాకూ సీసాకూ నడుమ అట్టముక్క అడ్డం పెడతారు. ఆ అట్టముక్కను తీసివేసినంత మాత్రాన, అప్పటిదాకా కదలక మెదలక నీటి మధ్య నిలిచి ఉన్న రెండు చేపలూ ఒక్కసారిగా రూపు మార్చుకుంటాయి. ముడుచుకొని ఉన్న వాజాలు పట్టుచీర కుచ్చెళ్ళవలె విచ్చుకుంటాయి. మొప్పమూతలు ముఖానికి ఇరువైపులా నిక్కపొడుచుకొని నిలుస్తాయి. ఒంటి రంగు ముదురుతుంది. నడుమ గాజు లేకపోతే తరువాత జరిగేది కాట్లాటే. దుకాణదారులు దీనిని ‘ఫైటర్’ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బెట్టా స్ప్లెండెన్స్. దీని పుట్టినిల్లు సయాం, అనగా నేటి థాయిలాండు. అందువలన సయామీ పోరుచేప అనే పేరు వాడుకలోకి వచ్చినది.

దీనిని కొని తెచ్చుకున్నవారు తరచుగా చేసే పొరపాటు ఒకటున్నది. ఇంత అందమైన ప్రాణి ఒంటరిగా ఉన్నదే అని జాలిపడతారు. తోడు ఉంటే బాగుండునని ఇంట్లో ఇదివరకే ఉన్న తొట్టిలో విడిచిపెడతారు. లేదా నాలుగు గప్పీ చేపలను తెచ్చి దాని తొట్టిలోనే చేర్చుతారు. మరునాడు ఉదయం చూస్తే ఒకదాని తోక పీలికలై ఉంటుంది, మరొకటి వెల్లకిలా తేలుతుంటుంది. ఒక్కొక్కసారి చచ్చి తేలేది పోరుచేపే. పిల్లలు కంటతడి పెడతారు, పెద్దలు చేప గుణం మంచిది కాదని తీర్మానిస్తారు. నిజానికి ఆ చేప తన స్వభావం ప్రకారమే నడుచుకొన్నది. లోపమంతా తోడును ఎంచిన తీరులో ఉన్నది. ఈ చేప దేనిని చూచి రెచ్చిపోతుందో, ఎందుకు రెచ్చిపోతుందో తెలిసినవారికి దాని పక్కన ఎవరిని ఉంచవచ్చునో, ఎవరిని ఉంచరాదో నిర్ణయించడం అంత కష్టం కాదు.

పుట్టినచోటు

థాయి భాషలో దీని పేరు ‘ప్లా కట్’. కరిచే చేప అని అర్థం. మధ్య థాయిలాండులో చావ్ ఫ్రయా నది మైదానంలోని వరిమళ్ళు, చిత్తడినేలలు, గడ్డి పెరిగిన నిదానపు కాలువలు దీని సహజ నివాసాలు. డెన్మార్కుకు చెందిన వైద్యుడు థియొడోర్ కాంటర్ 1849లో దీనిని వర్ణించినారు. అప్పుడు పెట్టిన పేరు వేరొక జాతికి చెందుతుందని గమనించి, 1910లో ఇంగ్లండులోని మత్స్యశాస్త్రజ్ఞుడు చార్లెస్ టేట్ రీగన్ ఇప్పటి పేరు పెట్టినారు. స్ప్లెండెన్స్ అంటే లాటిన్ భాషలో మెరిసేది. 2019లో థాయిలాండు ప్రభుత్వం దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించినది.

పొలాలలో పెరిగే అసలు పోరుచేపను చూస్తే దుకాణంలోని చేపకు అది చుట్టమని నమ్మడం కష్టం. దాని వాజాలు పొట్టివి. ఒళ్ళు మట్టిరంగు, అక్కడక్కడా నీలపు, ఆకుపచ్చ మెరుపులు. పొడవాటి జీరాడే తోకలు, ఎరుపు, తెలుపు, నీలం రంగులు మనుషులు తరతరాలుగా ఎంపిక చేసి పెంచినందువలన వచ్చినవి. మనుషులు దీనిని మచ్చిక చేసి కనీసం 1000 సంవత్సరాలు అయి ఉంటుందని 2022లో ప్రచురితమైన జన్యు పరిశోధన తెలిపినది. మొదట ఆ పెంపకం పందెం కోసమే. మన పల్లెలలో పందెం కోళ్ళను పెంచినట్లే అక్కడ పోట్లాడే చేపను ఏరి, దాని సంతానాన్ని పెంచినారు. అందుచేత నేడు సీసాలో ఉన్న చేపకు పుట్టుకతో వచ్చిన రోషానికి తోడు, మనిషి ఎక్కించిన రోషం కూడా ఉన్నది. తోడును ఎంచేటప్పుడు ఈ రెండవదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వరిమడిలోని నీరు లోతు తక్కువ, ఎండకు వేడెక్కుతుంది, కుళ్ళిన గడ్డి వలన అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది. మొప్పలతో మాత్రమే ఊపిరి తీసే చేప అక్కడ బ్రతకలేదు. పోరుచేపకు మొప్పల పైభాగాన చిన్న గదివంటి అర ఉన్నది. అందులో మడతలు మడతలుగా ఉన్న పలుచని ఎముక, దానిపై రక్తనాళాలు నిండిన పొర ఉంటాయి. చేప నీటిపైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి ఆ అరలో నింపుకొంటుంది. గాలిలోని ప్రాణవాయువు అక్కడ నేరుగా రక్తంలో చేరుతుంది. మన చెరువులలోని కొర్రమీను కూడా ఇట్లాగే పైకి వచ్చి గాలి తీసుకొంటుంది. రెండింటినీ శాస్త్రజ్ఞులు ఒకే క్రమంలో చేర్చినారు. కొర్రమీనును నీరు లేకుండా బుట్టలో ఉంచి సంతకు తెచ్చినా చాలాసేపు బ్రతికి ఉండడానికి ఇదే కారణం.

దీనినుంచి తేలే విషయం ఒకటున్నది. పోరుచేపకు నీటి పైపొర కేవలం తిరిగే చోటు కాదు, ఊపిరి తీసే చోటు. పైకి రానీయకపోతే అది నీటిలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. అది తినే దోమపిల్లలు, నీటిమీద పడే పురుగులు కూడా పైపొరలోనే దొరుకుతాయి. గూడు కట్టేది కూడా అక్కడే.

నురుగు గూడు

ఈ జాతిలో ఇల్లు కట్టేదీ, పిల్లలను సాకేదీ మగచేప. నోటితో గాలి తీసుకొని, దానిని తన నోటి జిగురుతో కలిపి బుడగలుగా ఊదుతుంది. ఆకు కిందనో, గడ్డిపరక పక్కనో ఆ బుడగలు తెట్టెకట్టి గూడుగా నిలుస్తాయి. ఆడచేప గుడ్లు విడుస్తుంటే, కిందికి జారిపోయే గుడ్లను మగచేప ఒక్కొక్కటే నోటితో అందుకొని బుడగలలో అమర్చుతుంది. గుడ్లు పెట్టడం ముగియగానే ఆడచేపను కూడా అక్కడనుంచి తరిమివేస్తుంది; దగ్గర ఉంటే అది గుడ్లను తినివేస్తుంది. ఒకటి రెండు రోజులలో పిల్లలు బయటపడతాయి. అవి సొంతంగా ఈదేవరకు మరి రెండు మూడు రోజులు తండ్రి కాపలా కాస్తూ, జారిపడిన పిల్లను మళ్ళీ నోటితో తెచ్చి గూటిలో పెడుతుంది.

ఇంత శ్రమపడి కట్టిన గూటికి చుట్టుపట్ల ఉన్న జాగాను అది తన పొలిమేరగా భావిస్తుంది. పొలిమేరలోకి మరొక మగచేప వస్తే గూడు పోయినట్లే, గుడ్లు పోయినట్లే. కనుక పోరుచేప కోపానికి మూలం కేవలం క్రూరత్వం కాదు. అది కాపలాదారు కోపం. దుకాణం సీసాలో గూడూ లేదు, గుడ్లూ లేవు కదా అని అడగవచ్చు. కాపలా బుద్ధి పుట్టుకతోనే వచ్చినది. కాయడానికి ఏమీ లేకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది.

పోరాటమైనా వెంటనే కాట్లతో మొదలుకాదు. ముందు ప్రదర్శన ఉంటుంది. ఎదురుగా నిలిచి మొప్పమూతలు తెరుస్తాయి. పక్కకు తిరిగి వాజాలు విప్పి తమ పొడవు చూపుతాయి. తోకతో నీటిని ప్రత్యర్థి మీదికి కొడతాయి. మొప్పమూతలు తెరిచి ఉంచినంతసేపు మొప్పలమీదుగా నీరు సరిగా పారదు, అంటే ఊపిరి బిగబట్టినట్లే. ఎక్కువసేపు అట్లా నిలువగలిగిన చేప బలమైనదని ఎదుటిదానికి తెలిసిపోతుంది. అడవిలోనూ, పొలంలోనూ చాలా తగవులు ఇక్కడితోనే తీరిపోతాయి. బలహీనమైనది వాజాలు ముడుచుకొని, రంగు వెలిసిపోయి, గడ్డిలోకి జారుకొంటుంది. గెలిచినది దానిని కొంతదూరం తరిమి వెనుదిరుగుతుంది.

సరి జోడు దొరికినప్పుడు మాత్రం సంగతి వేరు. దవడకు దవడ బిగించి పట్టుకొంటాయి; ఊపిరికోసం రెండూ ఒకేసారి విడిపోయి పైకి వెళ్ళి గాలి తీసుకొని, మళ్ళీ కలబడతాయి. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, గంటసేపు పోరాడిన జంటల మెదళ్ళను పరీక్షించగా, ఒకే జంటలోని రెండు చేపలలోనూ ఒకేవిధమైన జన్యువులు ఒకేవిధంగా పనిచేస్తున్నట్లు తేలినది. శత్రువులైనా తాళం తప్పని ఆటగాళ్ళవంటివన్నమాట.

గాజుతొట్టిలో మారేది ఏమిటి? చేప మారదు, పోరాటం మారదు. పారిపోయే దారి లేకుండా పోతుంది. వరిమడిలో ఓడినచేపకు రెండు మూడు మీటర్ల అవతల గడ్డిదుబ్బు ఉన్నది. తొట్టిలో అది ఎటుపోయినా గోడే. ఓటమి ఒప్పుకొని వాజాలు ముడుచుకొన్నా, గెలిచినదాని కంటికి అది ఇంకా పొలిమేరలోనే కనిపిస్తుంది. వెళ్ళిపొమ్మన్నా వెళ్ళని శత్రువును ఏ కాపలాదారు సహిస్తాడు? కాట్లు ఆగవు. తోడుచేపలను ఎంచడంలోని చిక్కంతా ఈ ఒక్క చోట ఉన్నది. పారిపోనవసరం లేని పొరుగును వెదకాలి; లేదా పారిపోవడానికి చోటు కల్పించాలి. రెండూ చేస్తే మరీ మేలు.

శత్రువుకు గుర్తులు

అయితే పోరుచేప ఎవరిని శత్రువుగా చూస్తుంది? తొట్టిపక్కన అద్దం పెడితే అది తన నీడతోనే కయ్యానికి దిగుతుంది. వాసన లేదు, స్పర్శ లేదు. కంటికి కనిపించే ఆకారమూ, రంగూ, కదలికా చాలినవి. ఇటువంటి విషయాలను మొట్టమొదట శ్రద్ధగా పరిశీలించినవారిలో హాలెండు శాస్త్రజ్ఞుడు నికో టింబర్గెన్ ఒకరు. ఆయన స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపమీద ప్రయోగాలు చేసినారు. గుడ్లు పెట్టే ఋతువులో ఆ జాతి మగచేప పొట్ట ఎర్రబడుతుంది. చేప ఆకారం సరిగా లేకపోయినా, అడుగుభాగం ఎర్రగా ఉన్న మైనపుబొమ్మ మీద ఆ చేపలు విరుచుకుపడినవి. అచ్చు చేపవలెనే చేసి ఎరుపు పూయని బొమ్మను అంతగా పట్టించుకోలేదు. లైడెన్ పట్టణంలో కిటికీ పక్కనున్న తొట్టిలోని చేపలు వీధిలో పోయే ఎర్రని తపాలా బండిని చూచి కూడా బెదిరింపు భంగిమ పట్టినవని ఆయన వ్రాసినారు. తరువాతివారు చేసిన ప్రయోగాలలో ఫలితాలు అన్నిచోట్లా ఇంత స్పష్టంగా రాలేదు. కాని జంతువు శత్రువును నిలువెల్లా చూచి గుర్తించదు, కొన్ని గుర్తులనుబట్టి పోల్చుకొంటుంది అనే మూలసూత్రం నిలిచినది. 1973లో టింబర్గెన్, కోన్రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్ ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమానం ఇచ్చినారు.

పోరుచేపకు ఆ గుర్తులు ఏమిటో దానిని పెంచినవారి అనుభవంవలన తెలుస్తున్నది: విచ్చుకొన్న పెద్ద తోక, మెరిసే రంగు, తనంత పరిమాణం, పైపొరలో నిదానంగా తిరగడం. ఈ నాలుగింటిలో ఎన్ని కలిస్తే అంత ప్రమాదం. ఇప్పుడు గప్పీని ఒకసారి చూడండి. మగ గప్పీకి విసనకర్రవంటి తోక ఉన్నది, ఒళ్ళంతా రంగులున్నవి, అది పైపొరలోనే తిరుగుతుంది. పరిమాణం ఒక్కటే చిన్నది. దుకాణంలో చవకగా దొరుకుతుంది కనుక అందరూ మొదట తెచ్చే తోడు అదే. పోరుచేప కంటికి అది గూటిమీదికి వచ్చిన కుర్ర మగచేప. పైగా గప్పీకి కొంచెం కఠినజలం నప్పుతుంది, పోరుచేపకు మెత్తని నీరు నప్పుతుంది. రెండువిధాలా పొత్తు కుదరదు.

గౌరామి చేపల సంగతి ఇంతకన్న చిక్కు. గంగా, బ్రహ్మపుత్రా మైదానాలలో సహజంగా పెరిగే మరుగుజ్జు గౌరామి, దాని బంధువులైన ఇతర గౌరామిలు, చైనావైపునుంచి వచ్చిన స్వర్గచేప – ఇవన్నీ పోరుచేపకు దాయాదులు. వీటికీ గాలి అర ఉన్నది. వీటిలో చాలావాటికి నురుగు గూడు కట్టే అలవాటూ ఉన్నది. ఒకే చోటు, ఒకే గాలి, ఒకే గూడు కోరేవారు ఇద్దరు ఒక తొట్టిలో ఉంటే ఒకే ఒరలో రెండు కత్తులు పెట్టినట్లే.

రెండు మగ పోరుచేపలను ఒక తొట్టిలో ఎప్పుడూ ఉంచకూడదని వేరే చెప్పనక్కరలేదు. పక్కపక్క తొట్లలో ఉంచినా నడుమ తెర ఉండడం మంచిది. ఈ చేపలు తాము పోరాడకపోయినా ఇతరుల పోరాటాన్ని గమనిస్తాయి. 1998లో ప్రచురితమైన ప్రయోగాలలో, రెండు చేపల పోరును గాజు అవతలినుంచి చూచిన మూడవచేప, తరువాత ఓడినదాని దగ్గరకు త్వరగానూ, గెలిచినదాని దగ్గరకు వెనుకాడుతూనూ వెళ్ళినట్లు కనిపించినది. రోజంతా పక్కింటి కయ్యం చూస్తూ నిక్కపొడుచుకొని ఉండే చేపకు తిండిమీద ధ్యాస ఉండదు, అలసట తీరదు.

ఆడచేపను తోడుగా పెట్టవచ్చునని కొందరు అనుకొంటారు. గుడ్లు పెట్టే వేళ తప్ప మగచేప దానిని దగ్గరకు రానీయదు. ఆడచేపలను మాత్రమే ఐదారింటిని కలిపి పెంచేవారు ఉన్నారు. వాటిలోనూ పెత్తనం కోసం తగవులు వస్తూనే ఉంటాయి. క్రొత్తవారు ఆ జోలికి పోకపోవడమే క్షేమం.

పోరుచేపనే పీడించేవారు

పేరు చూచి ఈ చేప ఎప్పుడూ కొట్టేదే కాని దెబ్బలు తినేది కాదని అనుకోవడం సహజం. ఆ భ్రమవలన చచ్చిపోయిన పోరుచేపలు తక్కువ కాదు. మనిషి పెంచిన ఆ పొడవాటి తోక దానికి పెద్ద బరువు. నీటిలో చీరకుచ్చెళ్ళు ఈడ్చుకొంటూ నడిచినట్లు నిదానంగా ఈదుతుంది. సుమత్రాదీవినుంచి వచ్చిన పులిచారల బార్బ్ చేపలకు జీరాడే వాజాన్ని కొరకడం ఆటవంటిది. ఒకటి ముందునుంచి ఊరించగా మరొకటి వెనుకనుంచి కొరికిపోతుంది. పోరుచేప తిరిగి చూచేలోగా అవి మాయమవుతాయి. సెర్పే టెట్రా అనే ఎర్రని చిన్నచేప కూడా ఈ పనిలో ఆరితేరినదే. చిరిగిన వాజం మళ్ళీ పెరుగుతుంది కాని, ఆ లోగా గాయంలో బూజు పట్టడం, కుళ్ళు సోకడం జరుగుతుంది. నెమ్మదిగా తిరిగే పోరుచేపకు తిండి దక్కకుండా చేసే చురుకైన చేపలు కూడా మంచి పొరుగు కావు. మన దేశపు వాగులలో పుట్టిన చారల డానియో చేప సాధువే. కాని రోజంతా తొట్టి పొడవునా పరుగులు తీస్తుంది. ఆ హడావిడి పోరుచేపకు సరిపడదు.

బంగారుచేపను దీనితో ఉంచేవారూ ఉన్నారు. బంగారుచేప చల్లని నీటిని కోరుతుంది, పోరుచేపకు 24 నుంచి 28 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనం కావాలి. అదిగాక బంగారుచేప బాగా పెరుగుతుంది, తొట్టిని త్వరగా మలినం చేస్తుంది. ఇక్కడ తగవు స్వభావంలో లేదు, నీటిలో ఉన్నది.

కింది అంతస్తువారు

మిగిలినది ఎవరు? తొట్టిని మూడంతస్తుల మేడగా ఊహించుకొంటే జవాబు సులభమవుతుంది. పై అంతస్తు పోరుచేపది. అక్కడికి ఎప్పుడో తప్ప రానివారు, పెద్ద తోక లేనివారు, మందగా తిరిగేవారు దానికి శత్రువులుగా కనిపించరు.

అడుగున తిరిగే చేపలలో దక్షిణ అమెరికానుంచి వచ్చిన కోరిడొరస్ పేరు ముందుగా చెప్పాలి. మీసాలుండే ఈ చిన్న జల్లచేపలాంటి ప్రాణికి ఒంటికి పొలుసులకు బదులు గట్టి పలకల కవచం ఉన్నది. రోజంతా ఇసుకలో ముక్కుపెట్టి తిండి వెదకుకొంటుంది. దానికి పోరుచేపతో పోటీ లేదు. ఒక విశేషం: కోరిడొరస్ కూడా అప్పుడప్పుడు బాణంవలె పైకి దూసుకువచ్చి ఒక గుక్క గాలి తీసుకొని, అంతే వేగంగా అడుగుకు చేరుతుంది. ఆ గాలినుంచి ప్రాణవాయువును తన పేగు గోడల ద్వారా పీల్చుకొంటుంది. ఇంత తొందరగా వచ్చిపోయే అతిథిని పోరుచేప సాధారణంగా పట్టించుకోదు. వీటిని ఒకటి రెండు కాక ఆరింటికి తగ్గకుండా పెంచాలి. ఒంటరి కోరిడొరస్ బెదురుతో మూల నక్కి ఉంటుంది. అడుగున మొనదేలిన రాళ్ళుంటే వీటి మీసాలు అరిగిపోతాయి, కనుక మెత్తని ఇసుక పరచాలి.

ఆగ్నేయాసియాలోని కూలీ లోచ్ మరొక మంచి పొరుగు. సన్నని పామువలె ఉండి, పసుపు, నలుపు పట్టెలతో ఉంటుంది. పగలు ఆకుల చాటున, రాళ్ళసందున దాగి రాత్రి తిరుగుతుంది. పోరుచేప రాత్రివేళ విశ్రమిస్తుంది. ఒకరు నిద్రపోయే వేళ మరొకరు మేల్కొనే ఇంట్లో తగవులకు తావెక్కడిది?

నడిమి అంతస్తుకు హార్లెక్విన్ రస్‌బోరా తగినది. మలయా ద్వీపకల్పం, సింగపూరు, సుమత్రా, దక్షిణ థాయిలాండు దీని సహజస్థానాలు. పోరుచేపకు నచ్చిన మెత్తని, వెచ్చని నీరే దీనికీ నప్పుతుంది. తోకవైపు త్రికోణాకారపు నల్లమచ్చ ఉంటుంది. వాజాలు పొట్టివి, ఒకరి జోలికి పోని గుణం. ఎనిమిది పది కలిసి మందగా తిరిగితే పోరుచేప కంటికి వాటిలో ఏ ఒక్కటీ గురిగా నిలవదు. ఒకదానిని తరమబోతే మంద విడిపోయి మళ్ళీ కలుస్తుంది. నాలుగైదు సార్లయిన తరువాత దానికే విసుగుపుట్టి మానివేస్తుంది. రెండు మూడే ఉంచితే ఈ రక్షణ ఉండదు. డబ్బు మిగుల్చుకోవాలని మందలోని చేపలను జంటలుగా కొనడం వలన వచ్చే నష్టం ఇదే.

నాచు తినే ఆటోసింక్లస్ అనే చిన్నచేప కూడా సాధువే. కాని క్రొత్త తొట్టిలో దానికి చాలినంత నాచు ఉండదు. నత్తలు ఉండవచ్చును, అయితే వాటి మీసాలు కదలడం చూచి పురుగనుకొని కొరికే పోరుచేపలున్నవి. చిన్న రంగురొయ్యలను ఉంచితే పెద్దవి బ్రతికినా పిల్లలు మాత్రం తిండి అయిపోతాయి.

కాపురం పెట్టే తీరు

తొట్టి ఎంత ఉండాలి? పోరుచేప ఒక్కదానికి 20 లీటర్లు చాలును. తోడు కావాలంటే 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 35 ఎత్తు ఉన్న తొట్టి అవసరం. అందులో సుమారు 63 లీటర్లు పడుతుంది. అడుగు ఇసుక, పైన గాలికి విడిచిన ఖాళీ పోను 50 లీటర్ల నీరు మిగులుతుంది. ఇందులో ఒక పోరుచేప, ఎనిమిది రస్‌బోరాలు, ఆరు చిన్నజాతి కోరిడొరస్‌లు ఉండవచ్చును. అంతకు మించితే కలహం కంటే ముందు మలినం చంపుతుంది. చేపలు విడిచే అమ్మోనియాను ఇసుకలోనూ, వడపోతలోనూ పెరిగే సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మార్చుతాయి. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు పెరగడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఆ వ్యవధి ఈయకుండా అన్ని చేపలనూ ఒకే రోజు వదిలితే, మూడవనాడు చచ్చిన చేపను చూచి పోరుచేపే చంపినదని నింద వేస్తారు. ఇటువంటి నిందలు దానిమీద చాలా పడినవి.

చేపలను వదిలే క్రమం కూడా ముఖ్యం. ముందుగా పోరుచేపను వదిలితే తొట్టి అంతా దాని పొలిమేర అవుతుంది; తరువాత వచ్చినవారందరూ దురాక్రమణదారులే. అందుచేత మంద చేపలను, అడుగు చేపలను మొదట వదిలి, అవి స్థిరపడిన రెండు వారాలకు పోరుచేపను తేవాలి. అది ఇదివరకే తొట్టిలో ఉంటే, దానిని ఒక రోజు సీసాలోకి తీసి, రాళ్ళూ మొక్కలూ చోట్లు మార్చి, క్రొత్తవాటితో పాటు మళ్ళీ వదలాలి. గుర్తులు మారిపోయిన చోట దాని పాత హద్దులు చెల్లవు. క్రొత్తగా కొన్న ఏ చేపనైనా ముందు రెండు మూడు వారాలు వేరే ఉంచి చూస్తే అంటురోగాల బెడద తగ్గుతుంది.

మొక్కలు అలంకారం కోసం కాదు. ఒక చేప కంటికి మరొక చేప కనిపించకుండా చేయడమే వాటి పని. తొట్టి ఈ చివరనుంచి ఆ చివరకు సూటిగా చూపు పోగలిగితే అది దాగడానికి చోటులేని తొట్టి. పొడవైన నీటిమొక్కలను గుబురుగా రెండు మూడు చోట్ల నాటాలి. అంతరతామర వంటి తేలే మొక్కను కొద్దిగా వేస్తే పైపొర కూడా గదులుగా విడిపోతుంది. అయితే అది నీటిని పూర్తిగా కప్పకుండా చూడాలి, ఎందుకంటే పోరుచేప ఊపిరికి ఖాళీ కావాలి. తొట్టికి మూత తప్పదు, ఈ చేప ఎగిరి బయటపడుతుంది. మూతకూ నీటికీ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్లు ఖాళీ విడవాలి. వడపోత యంత్రం నీటిని జోరుగా తోయకూడదు; పొడవు తోక ఆ ప్రవాహానికి తట్టుకోలేదు.

తిండి వేసేటప్పుడు పైన తేలే ఆహారం పోరుచేపకు ఒక పక్క, రస్‌బోరాలకు మరొక పక్క వేయాలి. అడుగున మునిగే బిళ్ళలను దీపం ఆర్పిన తరువాత వేస్తే కోరిడొరస్, లోచ్ చేపలకు దక్కుతాయి. పైవాళ్ళు మిగిల్చినది తిని బ్రతుకుతాయిలే అనుకోవడం వాటిని నెమ్మదిగా మాడ్చడమే.

మొదటి రెండు మూడు గంటలూ, తరువాత వారం రోజులూ గమనించాలి. క్రొత్తవారిని చూచి పోరుచేప ఒకటి రెండుసార్లు మొప్పలు విప్పి, నాలుగడుగులు తరిమి ఊరుకుంటే కంగారుపడనక్కరలేదు. ఒకే చేప వెంట విడవకుండా తిరగడం, తిండి వేసినా రాకపోవడం, ఏ చేప అయినా వాజాలు ఒంటికి అంటించుకొని మూల నక్కి ఉండడం, తోక అంచులు చిరగడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే విడదీయాలి. రేపు చూద్దామని వాయిదా వేయకూడదు. అందుకోసం నీరు నింపిన మరొక చిన్న తొట్టి ముందునుంచే సిద్ధంగా ఉండాలి. ఒకే తల్లి పిల్లలైన పోరుచేపలలో కూడా ఒకటి అందరినీ సహిస్తుంది, మరొకటి నత్తను కూడా బ్రతకనీయదు. పుస్తకంలో సాధువని వ్రాసిన జాతిని తెచ్చినా, తన చేప సాధువో కాదో యజమాని కంటితో చూచి తెలుసుకోవలసినదే.

ఎవరినీ సహించని చేపను ఒంటరిగా ఉంచితే అది బెంగపెట్టుకొంటుందని భయపడనవసరం లేదు. రస్‌బోరావలె ఇది మందలో పుట్టిన జీవి కాదు; పొలంలో కూడా ప్రతి మగచేపా తన జాగాలో తానొక్కటే ఉంటుంది. మొక్కలూ, వెచ్చని నీరూ, తగినంత చోటూ ఉంటే అది చురుకుగా తిరుగుతుంది, తిండి పెట్టే మనిషి దగ్గరకు వస్తే గుర్తుపట్టి ముందుకు వస్తుంది. ఆడచేప లేకపోయినా ఒకనాటి ఉదయం తొట్టిమూలలో, ఆకు కింద, అరచేతి వెడల్పున నురుగు తెట్టె కనిపిస్తుంది. అది మురికి కాదు, గూడు. తోడుచేపలు ఉన్న తొట్టిలో ఆ గూడు కనిపించిన రోజునుంచి నాలుగు రోజులు వాటిని మరింత జాగ్రత్తగా గమనించాలి. నీరు మార్చేటప్పుడు ఆ మూల జోలికి పోకుండా రెండవ వైపునుంచి గొట్టం పెట్టి తీయాలి.